పాచికల చప్పుడు: ఆటలోంచి పుట్టిన నవలలు, వాటి పాఠకులు

కత్తి పట్టిన వీరుడూ మంత్రశక్తి గల ప్రత్యర్థీ ఎదురుపడే సాహస కథలకు ఆంగ్ల సాహిత్యంలో ‘స్వర్డ్ అండ్ సోర్సరీ’ అనే పేరు స్థిరపడింది. తెలుగులో దానిని ఖడ్గమాంత్రిక కథ అనవచ్చు. ఈ పేరు పెట్టినది విశ్వవిద్యాలయాల పండితులూ కాదు, ప్రచురణకర్తలూ కాదు. ఈ తరహా కథలకు ఒక పేరు కావాలని బ్రిటిష్ రచయిత మైకేల్ మూర్‌కాక్ అభిమానులు నడుపుకునే ఒక చిన్న పత్రికలో అడిగితే, అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ 1961లో అటువంటి పత్రికలోనే సమాధానంగా ఈ పేరును సూచించాడు. ఆ విధంగా ఈ సాహిత్య శాఖకు బారసాల పాఠకుల మధ్యనే జరిగింది.

అంతకు ముందు కూడా ఇది పాఠకుల నోళ్ళలో నలిగిన కథే. రాబర్ట్ ఇ. హోవర్డ్ సృష్టించిన కోనన్ అనే అనాగరిక వీరుడు 1932 డిసెంబరు నాటి ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో తొలిసారి కనిపించాడు. ఆ పత్రికలో ‘ది ఐరీ’ అనే పేరుతో పాఠకుల ఉత్తరాల శీర్షిక ఉండేది. కోనన్‌ను ఆకాశానికెత్తే ఉత్తరాల నడుమ, అప్పటికి 17 ఏళ్ళ వయసున్న రాబర్ట్ బ్లాక్ 1934లో ఆ వీరుడిని ఎగతాళి చేస్తూ ఒక ఉత్తరం రాస్తే, తక్కిన పాఠకులు అతడి మీద విరుచుకుపడ్డారు. తర్వాతి కాలంలో ‘సైకో’ నవల రాసినవాడు ఆ కుర్రవాడే. 1954లో ‘తోకచుక్క’తో మొదలై చందమామలో ఏళ్ళ తరబడి సాగిన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు చదివినవారికీ, 1951 నాటి ‘పాతాళభైరవి’ చూసినవారికీ మాంత్రికుడూ, గుహా, మహిమ గల వస్తువూ, తెగువ గల యువకుడూ కొత్త కావు. అయితే ఆ సినిమా నాయకుడు తోటరాముడు రాకుమారిని చేపట్టడం కోసం సాహసానికి పూనుకుంటే, కోనన్ వంటివాడు దోపిడీ కోసమో, కూలి కోసమో, ఆ రాత్రికి ప్రాణాలతో బయటపడడం కోసమో కత్తి దూస్తాడు. లోకాన్ని ఉద్ధరించడం అతడి పని కాదు.

ఈ కథలన్నిటినీ పీల్చుకుని పుట్టిన ఆట ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుంచి, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి రూపకల్పనగా, టీఎస్ఆర్ అనే సంస్థ దానిని 1974లో వెలువరించింది; తొలి ముద్రణ 1000 ప్రతులు. డన్జన్ అంటే నేలమాళిగ. ఈ ఆటలో ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను తనదిగా చేసుకుని, ఆ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతాడు. డన్జన్ మాస్టర్ అని పిలిచే మరొక వ్యక్తి, ఆ పాత్రలు తిరిగే లోకాన్నీ, అందులోని రాక్షసులనూ, సత్రాలనూ, శిథిలాలనూ నడుపుతాడు. కత్తి వేటు తగిలిందా లేదా, తాళం ఊడిందా లేదా అనే సందేహం వచ్చిన చోట పాచికలు తీర్పు చెబుతాయి. ఆ పాచికలు మన పాత ఆటల్లోని పొడుగు పాచికల వంటివి కావు; నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, 20 ముఖాలవి కూడా ఉంటాయి. పాత్రలో ఎంత ప్రాణం మిగిలి ఉందో చెప్పే అంకెను హిట్ పాయింట్లు అంటారు.

గైగాక్స్ 1979లో వెలువరించిన నియమ గ్రంథం చివర తనకు ప్రేరణనిచ్చిన పుస్తకాల పట్టికను జతచేశాడు. అందులోని జాక్ వాన్స్ 1950లో ‘ది డైయింగ్ ఎర్త్’ అనే పుస్తకంలో చేసిన ఒక కల్పన ఈ ప్రసంగానికి ముఖ్యమైనది: మంత్రగాడు మంత్రాన్ని కంఠస్థం చేసి మనసులో నిలుపుకుంటాడు, ఒక్కసారి ప్రయోగించగానే అది అతడి జ్ఞాపకం నుంచి చెరిగిపోతుంది, మళ్ళీ కావాలంటే గ్రంథం విప్పి మళ్ళీ వల్లె వేయవలసిందే. ఒక రచయిత ఊహ ఈ విధంగా ఆటలో నియమమైంది. ఆ నియమం మళ్ళీ నవలలోకి తిరిగి వచ్చినప్పుడు ఏమవుతుందనే ప్రశ్న దగ్గరే పాఠకులు రెండుగా చీలిపోయారు.

ఆ తిరుగు ప్రయాణం మొదట చేసిన నవల ‘క్వాగ్ కీప్’. యువ పాఠకుల కోసం అప్పటికే ఎన్నో నవలలు రాసి పేరు పొందిన ఆండ్రె నార్టన్, గైగాక్స్‌తో స్వయంగా ఈ ఆట ఆడిన తర్వాత రాసిన ఈ నవల 1978లో వచ్చింది. ఇందులో ఈ లోకపు ఆటగాళ్ళు గైగాక్స్ సృష్టించిన గ్రేహాక్ అనే ఆట లోకంలోకి లాగబడి, తాము ఆడుకునే పాత్రలుగా మారిపోతారు. వారి మణికట్టుకు ఊడదీయరాని కంకణం ఒకటి ఉంటుంది, దానిలో పాచికలు పొదిగి ఉంటాయి, ఆపద ఎదురైనప్పుడు అవి వాటంతటవే తిరుగుతాయి. కనబడని చేయి వేసే పాచికలకు మనిషి లోబడి ఉండడం అనే భావన, జూదంలో సర్వం ఓడిన ధర్మరాజు కథ తెలిసిన తెలుగువారిని వెంటనే ఆకట్టుకునేదే. అయినా ఆటగాళ్ళలో చాలామంది ఈ నవలను ఒక చారిత్రక విశేషంగా గుర్తు పెట్టుకున్నారే తప్ప, ఆత్మీయంగా దగ్గరకు తీసుకోలేదు. గ్రేహాక్ తమకు తెలిసిన గ్రేహాక్‌లా లేదన్నారు, పాత్రలు పేర్లుగానే మిగిలిపోయాయన్నారు, ఆ మనుషులు చివరికి ఇల్లు చేరలేదేమని అడిగారు. మూడవ ఫిర్యాదులో పస తక్కువ. మొదటి రెండింటిలో ఉంది. నార్టన్ పాచికలను కథలో కనిపించే వస్తువుగా పెట్టింది గాని, పాచిక పడిన తీరు వల్ల ఏ మనిషి స్వభావమూ మారలేదు.

ఈ తరహా నవల పాఠకులకు నిజంగా అబ్బినది 1984లో. ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ దంపతులు 1982లో టీఎస్ఆర్‌లో ఉద్యోగం కోసం యూటా నుంచి విస్కాన్సిన్‌కు కారులో ప్రయాణం చేస్తూ మాట్లాడుకున్న ఊహల్లోంచి ‘డ్రాగన్‌లాన్స్’ అనే పథకం మొలకెత్తింది. క్రిన్ అనే లోకం, దాని దేవతలు, అక్కడికి తిరిగి వచ్చిన డ్రాగన్లు, వాటితో యుద్ధం: ఇదంతా 14 ఆట పుస్తకాలుగా వెలువడింది. ఆట పుస్తకం అంటే, ఆటను నడిపే వ్యక్తికి ఘట్టాలనూ, పటాలనూ, ప్రత్యర్థుల బలాబలాలనూ సమకూర్చి ఇచ్చే చిన్న గ్రంథం; ఆటగాళ్ళ వాడుకలో మాడ్యూల్. అదే కథను నవలగా రాయడానికి మొదట మరొక రచయితను నియమించినా, ఆ పని కుదరక, ఆ సంస్థలోనే పుస్తక సంపాదకురాలిగా ఉన్న మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ కలిసి తామే రాశారు. అది ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్విలైట్’. తర్వాతి ఏడాది మరో రెండు నవలలు తోడై త్రయం పూర్తయింది.

అయిదేళ్ళు విడిపోయిన మిత్రులు సాలెస్ అనే ఊరి సత్రంలో మళ్ళీ కలుసుకోవడంతో మొదటి నవల ప్రారంభమవుతుంది. సగం మానవుడూ సగం ఎల్ఫ్ అయిన టానిస్, యోధుడు స్టర్మ్, ముసలి మరుగుజ్జు ఫ్లింట్, ఎవరి వస్తువైనా తెలియకుండానే తన సంచిలో చేరిపోయే కెండర్ జాతివాడు టాసిల్‌హాఫ్, కవల సోదరులు కారమన్, రైస్ట్‌లిన్. ఎల్ఫ్ అంటే టోల్కీన్ కథల వల్ల ప్రసిద్ధమైన, దీర్ఘాయువు గల వనజాతి మనిషి. నిక్కచ్చిగా చూస్తే లోకరక్షణే లక్ష్యంగా సాగే ఈ కథ కోనన్ కంటే టోల్కీన్‌కే దగ్గర. ఖడ్గమాంత్రిక కథల అభిమానుల్లో పట్టుదల గలవారు దీనిని తమ పంక్తిలో కూర్చోబెట్టడానికి ఇష్టపడకపోవడానికి కారణం ఇదే. కాని నేలమాళిగలూ, శిథిల నగరాలూ, అడుగడుగునా కొట్లాటలూ, నలుగురు నాలుగు రకాల మనుషులు ఒక జట్టుగా తిరగడమూ లైబర్, హోవర్డ్‌ల సొమ్ము. వంశవృక్షం గురించిన ఈ వాదం అంత ఫలవంతమైనది కాదు.

ఆట ఎరుగని పాఠకులు చెప్పిన అభ్యంతరం ఒకటి మాత్రం గట్టిది: చదువుతుంటే పాచికల చప్పుడు వినబడుతున్నదని. జట్టు శిథిల నగరంలోకి దిగుతుంది, ఒక గది, ఒక పోరాటం, కాసేపు విశ్రాంతి, మరొక గది. ఆట పుస్తకంలోని పటం మీద వేలు పెట్టి నడిచినట్టే కథ నడుస్తుంది. ఆడి వచ్చిన పాఠకులకు ఇదే ఘట్టం ఇంకొక రకంగా రుచించింది. తాము ఏ మెట్ల మీద జారిపడ్డామో, ఏ నల్ల డ్రాగన్ చేతిలో చావు తప్పించుకున్నామో ఆ చోటునే అచ్చులో చూసుకోవడం, సొంత ఊరు సినిమాలో కనిపించినప్పుడు కలిగే సంబరం వంటిది. ఒకే పుట ఒకరికి చప్పగానూ, ఒకరికి తియ్యగానూ తోచడానికి భాష, శైలి కారణాలు కావు. ఆ పుటకు ముందు ఆ పాఠకుడు ఎక్కడ ఉన్నాడన్నదే కారణం.

అయితే నియమం కనబడడమే దోషమనుకుంటే, ఈ నవలల్లో పాఠకులు అందరికంటె ఎక్కువగా ప్రేమించిన పాత్రకు సమాధానం దొరకదు. రైస్ట్‌లిన్ మంత్రగాడు. బంగారు రంగు చర్మం, ఇసుక గడియారం ఆకారపు కనుపాపలు, ఆగని దగ్గు, గుసగుస వంటి గొంతు. పరీక్షార్థం ఆడిన తొలి ఆటల్లో ఆ పాత్ర పట్టిన వ్యక్తి బొంగురు గుసగుసతో మాట్లాడగా, రచయితలు ఆ గొంతునే నవలకు తెచ్చుకున్నారు. ఆనాటి నియమాల ప్రకారం మంత్రగాడి ప్రాణబలం నిర్ణయించడానికి నాలుగు ముఖాల పాచిక వేస్తారు, యోధుడికి పది ముఖాల పాచిక. మంత్రగాడు కవచం తొడగరాదు. ప్రయోగించిన మంత్రం, వాన్స్ కల్పనలో లాగే, మనసు నుంచి చెరిగిపోతుంది. ఆటలో ఇవి సమతూకం కోసం పెట్టిన ఏర్పాట్లు, అంతకు మించి భావమేమీ లేనివి. ఇప్పుడు ఈ రెండు పాచికలను ఒకే తల్లి కడుపున పుట్టిన కవలలకు పంచితే ఏమవుతుంది? ఒకడికి నాలుగు ముఖాలు, ఒకడికి పది. నడవలేని తమ్ముడిని మోసే అన్న, మోయబడుతున్నందుకు అన్నను ద్వేషించే తమ్ముడు, ఆ ద్వేషాన్ని ప్రేమగా పొరబడే అన్న: వైస్, హిక్‌మన్‌లు చేసినది ఇదే. రైస్ట్‌లిన్ ప్రతి ఉదయం పుస్తకం ముందేసుకుని కూర్చోవడం ఆట నియమం. మంత్రం వేసిన ప్రతిసారీ అతడు కూలబడి, రక్తం పడేలా దగ్గడం ఆటలో లేదు, అది నవలాకారుల సొంత చేర్పు. అంకె ఆ విధంగా ఒళ్ళు నొప్పిగా మారింది. ‘క్వాగ్ కీప్’లోని కంకణం చేయలేనిది ఇదే.

ఉత్తరాలు రాసిన పాఠకుల్లో ఎక్కువమంది అడిగినది ఈ రోగిష్టి మంత్రగాడి గురించే. 1986లో కవలల కథగానే మరొక త్రయం వచ్చింది. దానికి ఆట పుస్తకాల చట్రం లేదు, దేవుడు కావాలనుకున్న రైస్ట్‌లిన్ ఆ కోరిక నెరవేరితే శవంలా మిగిలే లోకానికి ఏలిక కావలసి వస్తుందని అందులో తేలుతుంది. అహంకారి, కపటి, కరుణ లేనివాడని రచయితలు పదే పదే చూపినా, పాఠకులు అతడిని వదలలేదు. దీనికి కారణం చెప్పమంటే, చదివినవారు తరచు ఎత్తి చూపేది బుపు ఘట్టాన్ని. గల్లీ డ్వార్ఫ్ అనే మురికి జాతికి చెందిన ఈ చిన్న మనిషికి రెండుకు మించి లెక్కపెట్టడం రాదు. అందరూ ఈసడించుకునే ఆమెను మొదట మంత్రంతోనే మచ్చిక చేసుకున్నా, ఆ తర్వాత రైస్ట్‌లిన్ ఆమెతో మాట్లాడే తీరులోని మెత్తదనం మంత్రం వల్ల వచ్చినది కాదు. తన్నులు తిన్నవాడు తన్నులు తిన్నవారిని గుర్తుపడతాడు. ఇటీవలి పాఠకులు ఇదే చోట ఇంకొక ప్రశ్న వేస్తున్నారు: పుట్టుకతోనే తెలివి తక్కువదని ఒక జాతి మొత్తాన్ని నవ్వు కోసం చిత్రించడం ఏమి న్యాయమని. ఈ ప్రశ్న సరైనదే. బుపు కన్నీరు తెప్పించేదీ, ఆమె జాతి నవ్వు తెప్పించవలసినదీ ఒకే నవలలో ఉండడం ఆ నవల లోపమే గాని, పాఠకుల అతి సున్నితత్వం కాదు.

టాసిల్‌హాఫ్ విషయం ఇంకా విచిత్రం. దొంగతనమే వృత్తిగా గల జాతి రుచించక, వస్తువు ఎవరిదన్న ఆలోచనే లేని పసితనాన్ని కెండర్లకు రచయితలు కల్పించారు. పుటల మీద అది ముద్దుగా ఉంది. ఆట బల్ల దగ్గర మాత్రం కెండర్ పాత్ర తీసుకున్న ఆటగాడు పక్కవాడి సంచి కొట్టేసి, తన జాతి లక్షణం ఇదేనని అమాయకంగా చెప్పడం మొదలుపెట్టేసరికి, కెండర్ అన్న మాట వింటేనే తల పట్టుకునే డన్జన్ మాస్టర్లు ఎందరో తయారయ్యారు. ఆర్.ఎ. సాల్వటోర్ 1988లో ‘ది క్రిస్టల్ షార్డ్’ నవలతో పరిచయం చేసిన డ్రిజ్ట్ అనే పాత్ర విషయంలోనూ ఇదే జరిగింది. క్రూరమైన పాతాళ జాతిలో పుట్టి, దానిని కాదని వచ్చిన ఈ రెండు కత్తుల ఒంటరివాడికి నకళ్ళు ఎన్ని బల్లల దగ్గర వెలిశాయంటే, చివరికి అది ఒక పరిహాసంగా స్థిరపడింది. మామూలు నవల పాఠకుడు నచ్చిన పాత్రను మహా అయితే తలచుకుంటాడు. ఈ నవలల పాఠకుడు ఆ పాత్రను తొడుక్కుంటాడు.

రెండవ నవల ‘డ్రాగన్స్ ఆఫ్ వింటర్ నైట్’ తెరిచిన పాఠకులకు ఒక తికమక ఎదురైంది. మరుగుజ్జుల రాజ్యంలో పోయిన మహిమ గల సుత్తిని వెతికి తెచ్చే సాహసమంతా అప్పటికే అయిపోయినట్టు కథ మొదలవుతుంది. ఆట పుస్తకాలు ఆడినవారికి అది తెలిసిన సంగతే. ఆడనివారు మాత్రం నడుమ ఒక సంపుటం తప్పిపోయిందేమోనని వెతుక్కున్నారు. మొదటి నవల ఆట పుస్తకాలను మరీ అంటిపెట్టుకుని నడిచిందన్న అసంతృప్తి రచయితలకూ ఉండేది, కనుక ఈ దాటవేత కథకు మేలే చేసింది; కానీ పాఠకుల అడుగుడు ఆగలేదు. ఆ ఖాళీని పూరించే ‘డ్రాగన్స్ ఆఫ్ ద డ్వార్వెన్ డెప్త్స్’ 2006లో, అంటే రెండు దశాబ్దాలు గడిచాక వచ్చింది.

పాఠకుల కోపం అసలు రూపం చూపినది 1995 తర్వాత. ఆ ఏడాది వచ్చిన ‘డ్రాగన్స్ ఆఫ్ సమ్మర్ ఫ్లేమ్’ చివర దేవతలు క్రిన్‌ను విడిచి వెళ్ళిపోతారు, పాత మంత్రవిద్య లుప్తమవుతుంది. 1996లో టీఎస్ఆర్ ఆ లోకానికి కొత్త ఆట నియమాలు ప్రకటించి, పాచికల స్థానంలో పేకముక్కలు పెట్టింది. కథ మారితే సరిపెట్టుకోగల పాఠకులు కూడా పాచికలు తీసేయడాన్ని సహించలేకపోయారు. 1997లో సంస్థే చేతులు మారి విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వశమైంది. 2000 నుంచి 2002 వరకు వచ్చిన మరొక త్రయంలో వైస్, హిక్‌మన్‌లు దేవతలను మళ్ళీ తెచ్చారు. అలిగిన పాఠకుల వల్లనే దేవతలు దిగివచ్చారనడం అతిశయోక్తి కావచ్చు గాని, ఆ పాఠకుల్లో కొందరు అలాగే నమ్ముతారు.

చివరగా స్టర్మ్ మరణం. రెండవ నవలలో ఈ యోధుడు కోట గోడ మీద ఒంటరిగా నిలబడి, డ్రాగన్ మీద వచ్చిన శత్రువు చేతిలో చనిపోతాడు. ఆ శత్రువు ఒకప్పటి స్నేహితురాలు, కవలల అక్క కిటియారా. తమ పక్షం వీరుడు అంత నిర్దాక్షిణ్యంగా పోతాడని ఊహించని పాఠకులకు ఆ అధ్యాయం దశాబ్దాలు గడిచినా మానని గాయంగానే ఉంది. ఈ మరణానికి ఆట వైపు నుంచి ఒక విడ్డూరమైన నేపథ్యం ఉంది. డ్రాగన్‌లాన్స్ ఆట పుస్తకాల్లో ‘అస్పష్ట మరణం’ అనే నియమం పెట్టారు: కథకు అవసరమైన పాత్ర చావవలసి వస్తే, శవం దొరకని విధంగా, అగాధంలో పడినట్టో వరదలో కొట్టుకుపోయినట్టో చూపించాలి, మళ్ళీ కావలసినప్పుడు బతికించి తీసుకురావడానికి. ఆటలో చావు పాచిక ఇష్టమనుకుంటే, ఇక్కడ కథ పాచిక చేయి పట్టుకుంది. ఆటగాళ్ళు దీనిని ఈసడించారు. తమను పట్టాల మీద బండిలా నడిపిస్తున్నారని, ఎటు తిరిగినా రచయిత అనుకున్న స్టేషనుకే చేరుస్తున్నారని అన్నారు. నవల చదివినవారు ఇందులో ఆట ఎక్కువైందన్నారు, ఆట ఆడినవారు ఇందులో నవల ఎక్కువైందన్నారు. ఇద్దరూ చూస్తున్నది ఒకే కథను.

నవలలో ఆ రక్షణ లేదు, శవం కళ్ళ ముందే పడి ఉంటుంది. కాని నవల చదివేసి వచ్చి ఆట పుస్తకం ముందు కూర్చునే ఆటగాడు ఒకడు ఉంటాడు. స్టర్మ్ పాత్ర వివరాల కాగితం అతడి చేతిలో ఉంటుంది, ఆ గోడ మీద ఏమి జరగబోతున్నదో అతడికి ముందే తెలుసు, గోడ ఎక్కుతావా అని డన్జన్ మాస్టర్ అడుగుతాడు. కొందరు, పుస్తకంలో ఎలా ఉందో అలాగే జరగాలని, తెలిసి తెలిసి ఎక్కుతారు. కొందరు ఎక్కరు, ఆ ఇంట్లో, ఆ బల్ల మీది క్రిన్‌లో స్టర్మ్ వసంతం వచ్చాక కూడా బతికే ఉంటాడు.